ట్యూబు డాక్టరు మొలతాడు

10 సెప్టెంబర్ 2017, ఆదివారం

పొద్దున సంతకం పెట్టేసి జారుకుందామనుకున్నాను. ఇరవై ఆరేళ్ళుగా ప్రతి వైద్య సదస్సుకీ అదే పద్ధతి. శ్రీకాకుళం వెళ్ళడం, రిజిస్టర్లో సంతకం గిలకడం, వాళ్ళిచ్చే సంచీ అందుకోవడం, మా ఆవిడ తాయారు రాసిచ్చిన సామాన్లు బజారులో కొనుక్కోవడం, భోజనాల వేళకి ఏమీ ఎరగనట్టు హాలుకు చేరడం. ఈసారి ఎవడో బుద్ధిమంతుడు సాయంత్రం కూడా సంతకం ఉండాలన్నాడు. పైగా తలుపు దగ్గర ఒక భారీ మనిషిని కూర్చోబెట్టారు. రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కి సదస్సుల హాజరు గంటలు తక్కువైన పి.హెచ్.సి. డాక్టర్లం నలభై మందిమి బడిపిల్లల్లా ఇరుక్కుపోయాం.

నెలకొకటి చొప్పున మూడు ఆదివారాలు పాఠాలట. ఈవేళ చర్మం, తర్వాత కన్ను, ఆ తర్వాత చెవి. డిసెంబరు పదిన నాలుగో ఆదివారం, ఒక్కొక్కరూ తమ ఊరి నుంచి ఒక కేసు నయం చేసి, మందుకి ముందు ఫోటో, తర్వాత ఫోటో పెట్టి చెప్పాలి. చెప్పకపోతే గంటలు లెక్కలోకి రావు. 

చర్మం పాఠం చెప్పింది దుర్గాభవాని. ఏడేళ్ళ కిందట మా కొర్లరేవు పి.హెచ్.సి.లో నా కింద ఏడాది పనిచేసిన పిల్ల. ఇప్పుడు పట్నంలో చర్మ వైద్యురాలు. నన్ను చూసి వేదిక మీంచే నమస్కారం పెట్టింది. నేను గర్వంగా అటూ ఇటూ చూశాను. ఆ గర్వం రెండు నిమిషాలు నిలిచింది.

మొదటి స్లైడు మీద ఇలా ఉంది: "తెలిస్తే మందు, తెలియకపోతే ట్యూబు." నేను హౌస్‌సర్జన్లందరికీ చెప్పిన సూత్రం. "ఇది నాకు ఒక పెద్దాయన నేర్పారు," అంది. హాలంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా నేను నవ్వాను.

రెండో స్లైడు మీద ఒక చీటీ. డాక్టరు పేరు నల్లరంగుతో కప్పేసింది గానీ, అడుగున "తగ్గకపోతే మళ్ళీ రావాలి" అన్న మాట కింద రెండు గీతలున్నాయి. అలా రెండు గీతలు గీసే డాక్టరు ఈ జిల్లాలో ఒక్కడే ఉన్నాడు. ఆ చీటీలో రాసింది నా త్రీ-ఇన్-వన్ ట్యూబే. మూడు మందులు కలిసిన ట్యూబు. అందులో ఒకటి స్టెరాయిడ్. తామర మీద అది రాస్తే దురద ఒక్కరోజులో చల్లారుతుంది, తామర మాత్రం లోపల హాయిగా పెరుగుతుంది. ఏళ్ళ తరబడి రాస్తే చర్మం పల్చబడి చారలు పడతాయి. మూడో స్లైడు ఆ చారలే.

ఇంకోటి చెప్పింది. మొలతాడు. చెమటకి తడిసి ఆరని నల్లతాడులో ఫంగస్ కాపురం పెడుతుందట. ఎన్ని మందులు వేసినా ఆ తాడున్నంతకాలం తామర మళ్ళీ వస్తుందట, ఇంట్లో వాళ్ళకీ అంటుకుంటుందట.

భోజనాల దగ్గర నా పళ్ళెంలో పప్పు వేస్తూ, "మీ కేసు కోసం ఎదురుచూస్తుంటాను సార్," అంది. ముఖంలో ఏమీ లేదు. గడుసుది.

సంచీలో ఈ డైరీ ఇచ్చారు. వృథా చేయడం దేనికని రాస్తున్నాను.

11 సెప్టెంబర్, సోమవారం

అసలు సంగతి ఇక్కడైనా రాసుకోవాలి. మే నెల నుంచి నాకూ నడుం చుట్టూ ఎర్రగా ఉంది. తామర కాదు. బెల్టు ఒరిపిడి.

ఓ.పి.కి లక్ష్మణమ్మ వచ్చింది. మా ఊళ్ళో చేపల గంప ఎత్తుకుని పన్నెండు ఊళ్ళు తిరిగే మనిషి. నాకు పేరొచ్చిందంటే ఈమె చలవే. పదేళ్ళ కిందట నేను రాసిన ట్యూబుకి ఒక్కరోజులో దురద తగ్గిందని, చేపలతో పాటు నా పేరు కూడా ఊరూరా మోసింది. "ట్యూబు డాట్రు బాబు కాడికి పొండి" అని ఆవిడే పంపేది. ఆ బిరుదు నాకు నిన్నటిదాకా ముద్దుగానే ఉండేది.

"బాబూ, ట్యూబు అయిపోనాది. సీటీ రాసీ," అంది.

చెప్పేద్దామనుకున్నాను. నోటిదాకా వచ్చింది.

"స్టాకు లేదమ్మా," అన్నాను.

మందులిచ్చే జగన్నాధం కిటికీలోంచి తల బయటపెట్టి, "మొన్ననే రెండు పెట్టెలు వచ్చినాయి గదండీ," అన్నాడు. వీడికి నాలుక మీద అదుపు లేదు.

రాసిచ్చాను. అడుగున రెండు గీతలు గీయబోయి మానేశాను.

14 సెప్టెంబర్

బెల్టు మార్చాను. మెత్తటిది. తగ్గుతున్నట్టే ఉంది.

20 సెప్టెంబర్, బుధవారం

తగ్గడం బెల్టు వల్ల కాదు. ట్యూబు వల్ల. ఒక్క బొట్టే రాస్తున్నాను. స్నానాలగదిలో షేవింగ్ డబ్బా వెనక దాచాను. తాయారుకి తెలిస్తే డాక్టరుగారికే తామర అని పుట్టింటి దాకా వార్త చేరుతుంది. అసలు తామర కాదు కాబట్టి ఆ గొడవే లేదు.

విచిత్రం ఏమిటంటే, నేను ఒక్క బొట్టు రాస్తుంటే ట్యూబు మూడు బొట్లు తరుగుతోంది. పొద్దున తోక రెండు మడతలు పెట్టి బట్టల క్లిప్పు తగిలించాను. సాయంత్రానికి మూడు మడతలున్నాయి.

జగన్నాధం మీద అనుమానం. కానీ వాడు మా స్నానాలగదిలోకి ఎలా వస్తాడు.

22 సెప్టెంబర్

నాలుగు మడతలు.

3 అక్టోబర్, మంగళవారం

లక్ష్మణమ్మ మళ్ళీ వచ్చింది. నిలబడలేకపోతోంది. "గంప దించగానే మంటెత్తిపోతాది బాబూ. సంతలో మనుషుల ముందు గోక్కోలేక గోడ ఎనక్కి పోతన్నాను. నాను గోడ ఎనక్కి ఎల్తే గంపలో సేప కాకులకి పోతాది."

మా నర్సు, సిస్టర్ దుర్గని తోడు పిలిచి, లోపలి గదిలో దీపం కింద చూశాను. సిగ్గుపడాల్సింది ఇక్కడ రాసుకోవాలి. పదేళ్ళలో నేను ఈమె నడుం ఒక్కసారీ చూడలేదు. చీర మీంచే అడిగాను, చీర మీంచే రాశాను. నడుం చుట్టూ, తొడల మీదా తామర పెద్ద పెద్ద వలయాలుగా పాకి ఉంది. దాని కింద తెల్లటి చారలు, బల్లెంతో గీసినట్టు. చర్మం ఉల్లిపొర అంత పల్చన. దుర్గాభవాని మూడో స్లైడు నా ఊళ్ళోనే గంప మోసుకుని తిరుగుతోంది.

సిస్టర్ దుర్గ బల్ల మీది ట్యూబు తీసి సొరుగులో పెట్టేసింది. అది ఇంకా బాధగా ఉంది.

ట్యూబు మానేయమన్నాను. మాత్రలు రాశాను, ఒట్టి ఫంగస్ క్రీము రాశాను, బట్టలు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరెయ్యమన్నాను. మొగుణ్ణి కూడా తీసుకురమ్మన్నాను. ట్యూబు ఎందుకు మానాలో మాత్రం చెప్పలేదు. రేపు చెబుతాను.

8 అక్టోబర్, ఆదివారం

కన్ను పాఠం. ఎర్రబడిన ప్రతి కంటికీ ఒకే చుక్కలు వేయకూడదట. ఆ చుక్కల సంగతి కూడా నాకు తెలుసు, కానీ అది వేరే డైరీ.

దుర్గాభవాని టీ దగ్గర కనబడింది. "కేసు దొరికిందా సార్?"

"దొరికింది. పదేళ్ళ తామర."

"పదేళ్ళా? ఎవరు చూశారు సార్ అన్నాళ్ళూ?"

"ఎవడో పాతకాలం డాక్టరు," అన్నాను.

12 అక్టోబర్, గురువారం

ఎల్లాజీ వచ్చాడు. లక్ష్మణమ్మ మొగుడు. సొంత పడవ, సొంత వల. మనిషి తాటిమొద్దులా ఉంటాడు, మాట మాత్రం పీచుమిఠాయి. చొక్కా ఎత్తి చూపించాడు. వేలెడు లావు నల్ల మొలతాడు, ఉప్పునీళ్ళకి నాని పచ్చిగా ఉంది. దాని వెంబడే తామర. లక్ష్మణమ్మకి ఎన్ని మాత్రలు మింగించినా ఇది ఇంట్లో ఉన్నంతకాలం ఆమెకి తగ్గదు.

"ఈ తాడు తీసెయ్యాలి," అన్నాను.

"తీసీమంటే తీసెత్తాను బాబూ, నాకేటి," అన్నాడు ఎల్లాజీ.

"నోర్ముయ్యి మావా," అంది లక్ష్మణమ్మ. నా వైపు తిరిగింది. "కొత్తది కట్టీసి, అప్పుడు పాతది తెంపుతాను. అలాగైతేనే."

ఇక్కడే ఉంది చిక్కు. ఈ వైపు ఆడవాళ్ళంతా అలాగే మారుస్తారు. ముందు కొత్త తాడు కట్టి, తర్వాత పాతది కత్తిరిస్తారు, మొల ఒక్క క్షణం కూడా బోసిగా ఉండకూడదని. పాతదాన్లో ఉన్న ఫంగస్ హాయిగా కొత్తదాన్లోకి దిగుతుంది. ఏటా ఇల్లు మారుతుంది, అద్దెకున్నవాడు మారడు.

"అలా కాదమ్మా. రెండు నెలలు అసలు తాడే ఉండకూడదు."

"బోసి మొలతో సంద్రం మీదకి పంపమంటావేటి? మొలతాడు తెంపీది ఎప్పుడో నీకు తెల్దేటి బాబూ? మడిసి పోనాకే గదా."

"అవన్నీ ఒట్టి నమ్మకాలు."

"అలగయితే ఒకటి సెప్పు. తాయారమ్మ నీది తెంపుతాదేటి?"

"నాకు మొలతాడు లేదు," అన్నాను.

నా చెయ్యి దానంతటదే నడుం దగ్గరికి వెళ్ళి గోకింది. లక్ష్మణమ్మ ఆ చేతి వంక చూసింది. ఎల్లాజీ పైకప్పు వంక చూశాడు.

19 అక్టోబర్, దీపావళి

మా ఇంట్లో మొలతాడు మార్చేది ఈ రోజే. పెళ్ళయిన దగ్గర్నుంచి ఏటా తాయారే మారుస్తుంది. స్నానం ముందు వచ్చి కొత్తది కట్టింది, పాతది కత్తిరించింది. వద్దు అనాలని పొద్దున్నుంచీ అనుకుంటున్నాను. అనలేదు. మచ్చలు కనబడతాయేమోనని గోడవైపు తిరిగి నిలబడ్డాను. ఎందుకో తాయారు కూడా తల పక్కకి తిప్పుకునే కట్టింది. నాకు మేలే అయింది.

ఊరందరికీ తెంపమని చెప్పేవాడు కొత్తది కట్టించుకుని కూర్చున్నాడు. బెల్టు ఒరిపిడి అని రాయబోయాను. పెన్ను సాగలేదు. తామర. నాకు తామర. రాశాను, అయిపోయింది.

27 అక్టోబర్, శుక్రవారం

మాత్రలు మింగుతున్నా లక్ష్మణమ్మకి రెట్టింపయింది. ట్యూబు మానగానే మొదట అలాగే ఎర్రబడుతుంది, ఆ సంగతి తెలుసు. కానీ ఇంట్లో ఆ తాడుంది. బస్టాండు దగ్గర మందుల షాపులో ట్యూబు కొనుక్కుందామని వెళ్ళిందట, సిస్టర్ దుర్గ చేయి పట్టుకుని వెనక్కి తెచ్చింది.

"నీ ట్యూబు రాసినన్నాళ్ళూ నిద్రన్నా పట్టీది," అంది లక్ష్మణమ్మ. కళ్ళనిండా నీళ్ళు. ఈ మనిషి ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు. తప్పు నాదని చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. జగన్నాధం కిటికీలోంచి చూస్తున్నాడని చెప్పలేదు. అదొక సాకు.

29 అక్టోబర్, ఆదివారం

దొంగ దొరికింది.

ట్యూబు ఏడు మడతలకి వచ్చింది. మధ్యాహ్నం బజారుకి వెళ్తున్నానని చెప్పి, వీధి చివరిదాకా వెళ్ళి, చెప్పులు చేత పట్టుకుని వెనక్కి వచ్చాను. స్నానాలగది తలుపు ఓరగా ఉంది. తాయారు నా ట్యూబు పిండుతోంది, క్లిప్పు పళ్ళమధ్య పట్టుకుని.

ఇద్దరం ఒకర్నొకరు చూసుకున్నాం. 

"నీకెప్పట్నుంచి?" అన్నాను.

క్లిప్పు తీసి చేత్తో పట్టుకుంది. "జూన్ నుంచి. మీకు?"

"మే."

"అయితే మీరే అంటించినారు."

"నాతో చెప్పొచ్చు కదా. ఇంట్లో డాక్టర్ని పెట్టుకుని."

"సెప్తే ఏటి చేస్తారు? ఈ ట్యూబే కదా రాస్తారు. అందుకని నేనే తీసుకున్నాను."

నాకు కోపం రావాలి. నవ్వొచ్చింది. తాయారు కూడా గుమ్మానికి ఆనుకుని కూర్చుని నవ్వింది. నవ్వుతూనే ఇద్దరం గోక్కున్నాం. అయిదు నెలలుగా ఒకరికి తెలియకుండా ఒకరం, నేను వీధి గదిలో, ఆవిడ వంటింట్లో గోక్కుంటున్నామట.

తర్వాత మొత్తం చెప్పాను. దుర్గాభవాని స్లైడు, నా చీటీ, లక్ష్మణమ్మ చారలు, మొలతాడు లేదని నేనాడిన అబద్ధం. తాయారు నవ్వు ఆగిపోయింది. చారల దగ్గర ఆపి మళ్ళీ చెప్పమంది. 

"పదేళ్ళు ఆవిడ మన గుమ్మంలో కూకుని చేపలు తోమిచ్చింది," అంది. "ఆవిడకి సెప్పకుండా మీరు అన్నం ఎలా తింటన్నారు?"

లేచి వంటింట్లోంచి కత్తెర తెచ్చింది. మొలతాడు కిందకి కత్తెర దూర్చి, చాలాసేపు అలాగే పట్టుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుని కత్తిరించింది. అది కిందపడితే ఇద్దరం కాసేపు దాన్నే చూశాం. యాభై రెండేళ్ళలో మొదటిసారి నా నడుం మీద ఏమీ లేదు. ఎందుకో చలేసింది.

2 నవంబర్, గురువారం

పొద్దున లక్ష్మణమ్మ చేపల కేక వినబడింది. "కానాగంతలమ్మో." నేను బనియన్‌లో గడ్డం గీసుకుంటున్నాను. 

"ఏమండీ, ఒకసారి ఇలా రండి," అంది తాయారు గుమ్మంలోంచి.

సగం గడ్డం నురగతో వచ్చాను. తాయారు ఒక్క మాట చెప్పకుండా నా బనియన్ ఎత్తేసింది. పక్కింటి పోస్టుమాస్టరు పేపరు దించి చూశాడు. గంప దగ్గర కాచుకున్న రెండు పిల్లులు కూడా చూశాయి.

"సూడు లక్ష్మణమ్మా. నా సేత్తో తెంపినాను. నాలుగు రోజులయింది. మడిసి సుబ్బరంగా ఉన్నాడు, నిన్న పనసకాయ కూర రెండుసార్లు పెట్టించుకున్నాడు."

లక్ష్మణమ్మ మొలతాడు లేకపోవడం కాదు చూసింది. వంగి, కళ్ళు చిట్లించి నా నడుం చూసింది. "ఇది నాకున్నాదే గదా బాబూ. నీకూ ఉన్నాదేటి?"

"ఉంది."

"ఆ ట్యూబు నువ్వూ రాసినావేటి?"

"రాశాను. అందుకే తగ్గలేదు. నీకూ అందుకే తగ్గలేదు. ఆ ట్యూబు తప్పు లక్ష్మణమ్మా. నీ నడుం మీద చారలు దానివల్లే పడ్డాయి. పదేళ్ళూ నేను తప్పే రాశాను."

నురగ మెడమీదికి జారుతోంది. తుడుచుకోవాలని కూడా తోచలేదు. లక్ష్మణమ్మ నన్ను, తాయారుని చూసింది. తూచబోయిన చేపలు మళ్ళీ గంపలో వేసుకుంది. గంప నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది.

3 నవంబర్

మా గుమ్మం ముందు ఆగలేదు.

4 నవంబర్

ఆగలేదు. మా వీధిలో కేక కూడా వేయలేదు. తాయారు వంకాయ వండింది.

5 నవంబర్

వంకాయ.

6 నవంబర్, సోమవారం

ఓ.పి. తెరవకముందే లక్ష్మణమ్మా ఎల్లాజీ అరుగు మీద కూర్చుని ఉన్నారు. లక్ష్మణమ్మ నాతో మాట్లాడలేదు. సిస్టర్ దుర్గతో అంది: "కత్తెర ఇయ్యమ్మా. నీది కాదు, ఆ ఆస్పత్రిది వద్దు. ఇంటిది ఉంటే ఇయ్యి."

జగన్నాధం పరుగెత్తి మా ఇంటి నుంచి తాయారు కత్తెర తెచ్చాడు. వెనకాలే తాయారు వచ్చింది. లక్ష్మణమ్మ ఎల్లాజీ చొక్కా ఎత్తి, పళ్ళు బిగించి, తాడు తెంపింది. ఎల్లాజీ గట్టిగా కళ్ళు మూసుకున్నాడు, సూది వేస్తున్నప్పుడు కూడా మూసుకోని మనిషి. తాడుని నేను అక్కడికక్కడే కాల్పించాను.

అప్పుడు నా వైపు తిరిగింది. "బాబూ, నీ మీద కోపం పోలేదు. కానీ సెప్పినోడివి కాబట్టి ఇంటన్నాను. ఈయనకి సంద్రం మీద ఏటన్నా అయ్యిందా, నీ ఆస్పత్రి గుమ్మంలో కూకుంటాను. లెగను."

ఒప్పుకున్నాను. 

12 నవంబర్, ఆదివారం

చెవి పాఠం. చెవిలో నూనె పోయవద్దన్నారు. మధ్యాహ్నం నిద్రపోయాను. సాయంత్రం సంతకం పెట్టాను. నా నడుం మీద ఎరుపు వాడింది, తాయారుకి ఇంకా ముందు వాడింది. లక్ష్మణమ్మకి రాత్రి నిద్ర పడుతోందట. నాకు చెప్పలేదు, సిస్టర్ దుర్గకి చెప్పింది.

16 నవంబర్, గురువారం

వాయుగుండం. నిన్న తెల్లవారకముందే నాలుగు పడవలు వెళ్ళాయి, హెచ్చరిక ఆ తర్వాత వచ్చింది. మూడు తిరిగొచ్చాయి. ఎల్లాజీది రాలేదు.

పొద్దున్నుంచీ రేవులోనే ఉన్నాను. లక్ష్మణమ్మ తడి ఇసుకలో కూర్చుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఒక్క మాటా అనలేదు. వలలు బాగుచేసే ముసలి దాలయ్య పక్కకి వచ్చి, "మొల బోసిగా పంపినారట గదా," అన్నాడు. చెడ్డగా అనలేదు, అడిగాడంతే. మెడికల్ కాలేజీలో అయిదేళ్ళు, సర్వీసులో ఇరవై ఆరేళ్ళు, పోయిన ఆదివారంతో కలిపి మూడు సర్టిఫికెట్లు. అన్నీ ఉన్నాయి. ఒక నల్లతాడు లేదని సముద్రానికి మొక్కుకున్నాను. ఎల్లాజీ వస్తే చాలు, ఈ ఊరి మగాళ్ళందరికీ నేనే స్వయంగా తాళ్ళు కడతాను అనుకున్నాను. తామర వస్తే వచ్చింది.

తాయారు గొడుగు తెచ్చి లక్ష్మణమ్మ పక్కన కూర్చుంది. 

17 నవంబర్, శుక్రవారం

వచ్చాడు. గాలికి దక్షిణానికి కొట్టుకుపోయి భీమిలి వైపు ఒడ్డు చేరారట. పొద్దున పది గంటలకి పడవతో సహా దిగాడు. లక్ష్మణమ్మ నీళ్ళలోకి మోకాళ్ళదాకా నడిచి వెళ్ళి, మొగుణ్ణి రెండు చెంపదెబ్బలు కొట్టి, కౌగిలించుకుంది. రేవంతా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది, సముద్రం గాలికి కళ్ళు మండుతున్నాయన్నాను.

నేను ముందు ఎల్లాజీ నడుం చూశాను. వైద్యుడి బుద్ధి. తాడు లేదు, మచ్చలు వాడిపోయాయి. అప్పుడు దాలయ్య నా భుజం తట్టి పడవ ముక్కు చూపించాడు. దాని చుట్టూ వేలెడు లావు కొత్త నల్లతాడు, మూడు ముళ్ళు వేసి కట్టి ఉంది.

"ఇదేంటి ఎల్లాజీ?"

"మొలకి వద్దన్నావు బాబూ. పడవకి వద్దన్లేదు గదా," అన్నాడు. "ఇది కట్టింది నాను కాదు, అదిగో, అది."

లక్ష్మణమ్మ వేరే వైపు చూసింది. నాకేమీ చెప్పకుండా, తాడు తెంపిన సాయంత్రమే కట్టిందట. నిన్న పొద్దున్నుంచీ ఇసుకలో నోరుమూసుకుని ఎందుకు కూర్చుందో అప్పుడర్థమైంది. తనూ ఒక తాడు కట్టే పంపింది కాబట్టి, తిట్టడానికి ఆమె దగ్గర సగం హక్కే మిగిలింది.

పడవలకి తామర రాదు. ఒప్పేసుకున్నాను.

25 నవంబర్

రేవులో పంతొమ్మిది పడవలకి మొలతాళ్ళు. ఓ.పి.లో పంతొమ్మిది మంది బోసి నడుములతో. జగన్నాధం మాత్రలకి మళ్ళీ ఇండెంటు పెట్టాడు. నా స్కూటరు హ్యాండిలుకి, అద్దం కింద, ఒక నల్లతాడు కనబడింది. తాయారుని అడగలేదు.

5 డిసెంబర్, మంగళవారం

కేసు ఫోటోల కోసం లక్ష్మణమ్మని అడిగాను. "మొకం వద్దు. నడుం తీసుకో. నలుగురు డాట్రులు సూసి బుద్ధి తెచ్చుకుంటే మంచిదే," అంది. సిస్టర్ దుర్గ తీసింది. వలయాలు లేవు. చారలున్నాయి.

10 డిసెంబర్, ఆదివారం

నా వంతు భోజనాల ముందు వచ్చింది. అందరూ గడియారాలు చూసుకుంటున్నారు. మొదటి ఫోటో ఒక నడుం, నలభై ఎనిమిదేళ్ళు, వృత్తి చేపలవేట. రెండో ఫోటో ఇంకో నడుం, యాభై రెండేళ్ళు. 

"వృత్తి రాయలేదేం సార్?" అంది ముందు వరసలోంచి దుర్గాభవాని.

"మెడికల్ ఆఫీసరు," అన్నాను.

హాలు ఒక్కసారి ఘొల్లుమంది. మొలతాడు తీయడానికి ఎలా ఒప్పించారని ఎవరో అడిగితే, పడవకి కట్టించామన్నాను. మళ్ళీ నవ్వారు. నవ్వనిచ్చాను. ఆ తర్వాత లక్ష్మణమ్మ చారల ఫోటో పెట్టాను. దాని పక్కన 2007లో నేను ఆమెకి రాసిన మొదటి చీటీ. సంతకం మీద, పేరు మీద నల్లరంగు పూయలేదు. అడుగున రెండు గీతలు.

"ఈమెకి తామర పదేళ్ళు తగ్గకపోవడానికి కారణం ఈ చీటీ. రాసింది నేను. తెలిస్తే మందు, తెలియకపోతే ట్యూబు అన్న పెద్దాయన కూడా నేనే," అన్నాను.

ఎవరూ నవ్వలేదు. దుర్గాభవాని తల దించుకుంది. తర్వాత లేచి నిలబడి నాకు నమస్కారం పెట్టింది, మొదటి ఆదివారం పెట్టినట్టు కాదు.

టీ దగ్గర నలుగురు డాక్టర్లు విడివిడిగా నా చెవి దగ్గరికి వచ్చారు. ఆ మాత్రల పేరు ఇంకోసారి చెప్పమన్నారు. నలుగురికీ నలుగురు బంధువులున్నారట. నలుగురూ నడుం మీద చెయ్యి పెట్టుకునే అడిగారు.

12 డిసెంబర్, మంగళవారం

లక్ష్మణమ్మ గుమ్మంలో గంప దించింది. తాయారు పళ్ళెం తెచ్చేలోపు నా వైపు చూసి అడిగింది.

"దురద పోనాది. మరి ఈ సారలు ఎప్పుడు పోతాయి బాబూ?"

నోటికి అలవాటైన మాట వచ్చేసింది. ఇరవై ఆరేళ్ళుగా ప్రతివాళ్ళకీ చెప్పిన మాటే, తగ్గిపోతుందమ్మా అని. దాన్ని పళ్ళ దగ్గర ఆపాను.

"పోవు లక్ష్మణమ్మా. అవి ఉండిపోతాయి."

గంపలో కానాగంతల్ని ఒక్కొక్కటే తిప్పి చూసింది. వాటి వీపుల మీద కూడా నల్లటి చారలు.

"ఇన్నేళ్ళలో నువ్వు పోదు అన్నది ఇదొక్కటే బాబూ," అంది. "ఇంకమీద పోతాది అంటే నమ్ముతాను."

పళ్ళెంలో నాలుగు పెద్ద చేపలు వేసి, కొంగు నడుముకి బిగించుకుని, వీధిలోకి వెళ్ళి గట్టిగా కేక వేసింది.